ఒకే గోత్రం వాళ్ల కొట్టు

మా ఊరి పత్రికకి నేను చందా కట్టను. వారానికోసారి ఫోన్‌లో తెరిచి, పోయినవాళ్ల పేజీలో ఊరికే చదవనిచ్చే నాలుగైదు లైన్లు చదివి మూసేస్తాను. మిగతాది చదవాలంటే డబ్బు కట్టమంటారు. ఒక మనిషి గురించి నాలుగు లైన్లు చాలవా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. కొట్లో పెరిగినదాన్ని, ఈ బుద్ధి ఎక్కడికి పోతుంది?

మా ఊరంటే పుట్టిన ఊరు కాదు, పెరిగిన ఊరు. అమెరికా ఆదివాసులు నవాహోల నేలకి అంచున, రైలు పట్టాల పక్కన, ఎర్ర కొండల కింద ఒక చిన్న పట్నం. ఇప్పుడు నేనుండేది అక్కడికి చాలా దూరంగా, ఇదే దేశంలో ఉత్తరాన నోవైలో. మా అమ్మ కూడా నా దగ్గరే ఉంటోంది. డెబ్భై దాటింది.

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున, వాకిట్లో మంచు తోసి వచ్చి, కాఫీ కలుపుకుని ఆ పేజీ తెరిస్తే రెండు తెలిసిన మొహాలు కనిపించాయి. ఒకరు మా స్కూల్ బస్సు నడిపినాయన. రెండోది మా కొట్లో మఖ్మల్ కొనే ముసలావిడ. ఫొటోలో ఆవిడ తొడుక్కున్న జాకెట్టు మా కొట్లో ఏ అరలో ఉన్న తానులోంచి కోసిందో కూడా చెప్పగలను. ఫొటో కింద ఆవిడ ఏ క్లాన్‌లో పుట్టిందో రాశారు. క్లాన్ అంటే మన గోత్రం లాంటిదే, కాకపోతే వాళ్లకి అది తల్లి నుంచి వస్తుంది. ఆ పక్కనే ఒక ఫారం ఉంది. ఆవిడతో మీకున్న జ్ఞాపకం గురువారంలోగా రాసి పంపితే ఖననం రోజున చదువుతామన్నారు. ఫారంలో మొదటి గడి, ఆవిడకి మీరేమవుతారు అని. కుటుంబం, స్నేహితులు, ఇతరులు, వీటిలో ఒకటి నొక్కాలి.

అమ్మకి చెప్పాను. సరేనని లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. నేను ఆ మూడు మాటల ముందు కూర్చున్నాను. మూడు రోజులు అక్కడే ఉండిపోయాను.

మాది బట్టల కొట్టు. మా పెదనాన్న అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టరుగా వచ్చి, పుట్టిన ఊళ్లో కొట్టు మీద కూర్చుని ఈగలు తోలుకుంటున్న తమ్ముణ్ణి పిలిపించాడు. నాన్నకి వచ్చిన విద్య ఒకటే, గుడ్డ కొలవడం. నవాహో ఆడవాళ్లకి మఖ్మల్ జాకెట్లంటే ప్రాణమని పెదనాన్న చెప్పిన మాట పట్టుకుని బజారు వీధిలో కొట్టు తెరిచాడు. బల్ల అంచుకి ఇత్తడి మేకులు కొట్టి గజం గుర్తులు పెట్టుకున్నాడు. కొత్త మఖ్మల్‌కి ఒక పొడి వాసన ఉంటుంది, తెరవని పెట్టె వాసన లాంటిది. శనివారాలు పికప్‌ ట్రక్కుల్లో ఆడవాళ్లు దిగేసరికి ఆ వాసన మీదికి పొయ్యి పొగ, ఉడికిన గొర్రె మాంసం వాసనా వచ్చి పడేవి. శీతాకాలం ముందైతే వీధి చివర పచ్చిమిరపకాయలు పీపాల్లో కాల్చేవాళ్లు, కొట్లో అందరం ఒకేసారి దగ్గేవాళ్లం. వెనక గదిలో అమ్మ ఇంగువ పోపు. అది గొర్రెలకి పెట్టే మందేమో అని వాళ్లు చాలాకాలం అనుకున్నారట.

నాన్న నేర్చిన వ్యాపారం అరుపుల వ్యాపారం. కొనేవాడు సగానికి అడగాలి, అమ్మేవాడు నెత్తి కొట్టుకోవాలి, కొనేవాడు మెట్లు దిగాలి, అమ్మేవాడు వెనక్కి పిలవాలి. ఇక్కడ ఆడవాళ్లు అలా కాదు. తాను విప్పి పరిస్తే గుడ్డ మీద చెయ్యి వేసి ఊరుకుంటారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వాళ్లకి ఆలోచించుకోవడమంటే అది. నాన్నకి మాత్రం ముచ్చెమటలు పోసేవి. ఇంత గట్టి బేరగత్తెల్ని నా జన్మలో చూడలేదురా దేవుడా అని తెలుగులో గొణుక్కుంటూ, కొలిచిన గుడ్డ మీద నాలుగు వేళ్లు కొసరు వేసేవాడు. ఇంకా మాట్లాడకపోతే ఇంకో నాలుగు వేళ్లు. అందరికన్నా ఎక్కువసేపు ఊరుకునేది ఈ ముసలావిడే. అప్పటికి ముసలిదేమీ కాదు, యాభై ఉంటాయేమో, నాకే అలా కనపడేది. ఆవిడ ఒక్కమాట అనకుండా జానెడు కొసరు తీసుకెళ్లేది. ఈయన గుడ్డ ఎందుకు సాగదీస్తాడని ఇంటికెళ్లి అడిగేదట.

ఈ సంగతి నాకు చెప్పింది ఆవిడ మనవరాలు. నా క్లాస్‌మేట్, ఇప్పటికీ నాకున్న ఒక్క పాత స్నేహితురాలు. మాకప్పుడు పదేళ్లు.

ఒక శనివారం ఆవిడ బల్ల దగ్గర నిలబడి, మనవరాలి చేత నన్నడిగించింది, నీ క్లాన్‌లు చెప్పు అని. అక్కడ మనిషిని మొదట అడిగేది అదే. తల్లిది, తండ్రిది చెబితే ఎవరు ఎవరికి ఏ వరసో తేలుతుంది, దాన్నిబట్టి పలకరిస్తారు. నాకు గోత్రం వచ్చు, పండగ పూజలో నాన్న గట్టిగా చెప్పేవాడు. నాన్నగారిది ఇది అని ఒక ఋషి పేరు చెప్పాను. మరి అమ్మది? వెనక గదిలోకి పరుగెత్తి అమ్మనడిగితే, పోపు మీద మూత పెడుతూ, నాదీ అదే కదే, అంది. వచ్చి అదే చెప్పాను. అమ్మదీ అదే, నాన్నదీ అదే. చెప్పి, లెక్క సరిపోయినట్టు నవ్వాను కూడా.

ఆవిడ గుడ్డ మీదనుంచి చెయ్యి తీసేసింది. నాన్న అలవాటుగా కొసరు వేశాడు. ఇంకొంచెం వేశాడు. మూర దాకా వచ్చాడు. ఆవిడ గుడ్డ తీసుకోకుండానే వెళ్లిపోయింది.

మరుసటి శనివారం కొట్టుకి ఎవరూ రాలేదు. ఆ పై శనివారమూ అంతే. ట్రక్కులు ఆగేవి, ఆడవాళ్లు మా అద్దంలోంచి ఒకసారి లోపలికి చూసి ఎదుటి వరసలో షాపుకి పోయేవాళ్లు. ఒక్కరూ ఒక్కమాట చెప్పలేదు. అది వాళ్ల మర్యాద. నాన్న దాన్నీ బేరమే అనుకున్నాడు. అందరూ కలిసి కట్టు కట్టారు, కొసరు రెట్టింపు చేస్తే దిగొస్తారని బోర్డు రాయించాడు. ఎర్ర అక్షరాల బోర్డు. ఎవరూ దిగిరాలేదు.

చివరికి స్కూల్లో, అన్నం బల్ల దగ్గర నా స్నేహితురాలు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఒకే క్లాన్ వాళ్లు తోబుట్టువులు, పెళ్లి చేసుకోకూడదు, చేసుకుంటే పిచ్చెక్కుతుంది, దగ్గరికి వెళ్లినవాళ్లకీ మంచిది కాదు. నేను ఇంటికొచ్చి చారన్నం తింటున్న నాన్నని అడిగాను.

“నాన్నా, నువ్వూ అమ్మా అన్నాచెల్లెళ్లా?”

చారు ముక్కులోకి పోయింది ఆయనకి. అమ్మ నవ్వలేదు. ఎవరన్నారో అడిగింది, ఎందుకన్నారో అడిగింది, నేనేం చెప్పానో రెండుసార్లు చెప్పించుకుంది. ఆదివారం దాకా ఆగింది. మెరూన్ రంగు మఖ్మల్ మూడు గజాలు కోసి, సంచీలో పెట్టి, నన్ను కారెక్కించింది.

ముసలావిడది ఎనిమిది పలకల మట్టి ఇల్లు. వాకిలి తూర్పుకి ఉంది. అది చూసి అమ్మకి సగం ధైర్యం వచ్చింది, తూర్పు వాకిలి పెట్టుకున్నవాళ్లకి చెబితే అర్థమవుతుందని. లోపల పొయ్యి చుట్టూ కూర్చున్నాం. అమ్మ తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో చెప్పాలి, నా స్నేహితురాలు దాన్ని నవాహోలో చెప్పాలి. జవాబు మళ్లీ అదే దారిన రావాలి.

“పెళ్లికి ముందు నా గోత్రం వేరు అని చెప్పవే,” అంది అమ్మ.

చెప్పాం. ఆవిడ ఆలోచించింది. జవాబు వచ్చింది.

“మరి ఎలా మారిందని అడుగుతోంది.”

“పెళ్లిలో మారుతుంది.”

“పెళ్లిలో నీ తల్లి మారిపోతుందా అంటోంది.”

అమ్మ సంచీని ఒళ్లోకి లాక్కుంది.

“మీ అమ్మది ఏమిటి అంటోంది.”

“మా నాన్నదే.”

“దానికి ముందు?”

అమ్మకి తెలియదు. వాళ్లమ్మ పెళ్లికి ముందు ఏ గోత్రమో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు, అమ్మ అడగాలనీ అనుకోలేదు. పొయ్యిలో కట్టె చిటపటమంటోంది. అంతసేపు ఎవరూ మాట్లాడకుండా కూర్చోవడం మా ఇంట్లో జ్వరం వచ్చినప్పుడు తప్ప నేను చూడలేదు. అమ్మ మాత్రం కదలకుండా కూర్చుంది. చివరికి ఆవిడ మనవరాలి వైపు తిరిగి నెమ్మదిగా ఏదో చెప్పింది.

“ఇకమీద ఎవరైనా అడిగితే మాది చెప్పమంటోంది. అప్పుడు మీ అమ్మ మా అమ్మకి చెల్లెలు. నువ్వు నాకు చెల్లెలివి.”

“రెండు నెలలేగా తేడా,” అన్నాను నేను. అక్కడా బేరమే.

“రెండు నెలలైనా సరే,” అంది అది.

అమ్మ సంచీలోంచి మఖ్మల్ తీసి ఇచ్చింది. ఆవిడ దాన్ని చేతులు చాపి కొలుచుకుని, చాకు తెచ్చి, ఒక గజం ముక్క కోసి మడిచి అమ్మ ఒళ్లో పెట్టింది. పైన ఒక మాంసం పొట్లం. మేం మాంసం తినమని చెప్పమందామనుకుంటే అమ్మ నా తొడ గిల్లింది. దారి పొడుగునా అమ్మ ఒకటే మాట. “రవికె గుడ్డ పెట్టి పంపిందే. చూశావా, రవికె గుడ్డ పెట్టి పంపింది.”

శనివారం కొట్టు నిండిపోయింది. అయితే కొత్త చిక్కొకటి వచ్చింది. అమ్మ ఆవిడకి కూతురైతే నాన్న అల్లుడు. వాళ్లలో అత్తగారూ అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూడకూడదు, చూపు కలిస్తే కళ్లు పోతాయంటారు. మన పాతకాలం అత్తగార్లు తలుపు చాటునుంచి మాట్లాడేవాళ్లు కదా, ఇది దానికి తాత. ఆవిడ ట్రక్కు ఆగగానే మనవరాలు ముందు పరుగెత్తుకొచ్చి చెప్పేది, నాన్న తానుల వెనక్కి పోయేవాడు. గుడ్డ అమ్మ కొలిచేది. అమ్మ కొసరు రెండు వేళ్లు దాటదు. ఆవిడ అందరికీ వినపడేలా తానుల వైపు తిరిగి ఏదో అనేది. అల్లుడైతే జానెడు ఇచ్చేవాడని అంటోందని నా స్నేహితురాలు చెప్పేది. తానుల వెనకనుంచి నాన్న దగ్గు వినిపించేది.

ఆ వరస మా బస్సు దాకా పాకింది. బస్సు నడిపే ఆయన తండ్రిది ముసలావిడ క్లానే. అంటే ఆయన మా మేనమామ కొడుకు లెక్క, నాకు బావ వరస. వాళ్లలోనూ ఆ వరసవాళ్లు ఏడిపించుకోవాలి, ఏడిపించకపోతే తప్పు. అంతవరకూ గుడ్ మార్నింగ్ కూడా అనని మనిషి, వారం తిరక్కుండా, నేను మెట్టెక్కగానే మొదలుపెట్టేవాడు.

“మీ నాన్న ఇవాళ ఏ రంగు గుడ్డ వెనకున్నాడు?”

“నీకెందుకు?”

“మా అత్తకి చెబుదామని. ఆ రంగు కొనకుండా ఉంటుంది.”

ఇంటి దగ్గర స్టాపు ఉండేది కాదు. కొట్టు వెనక సందులో ఆపితే అక్కడి కొండల్లో దొరికే, వలుచుకు తినే పిన్యోన్ గింజలు ఇస్తానని బేరం పెట్టాను. రోజుకి గుప్పెడు అన్నాడు. నా గుప్పెడా మీ గుప్పెడా అన్నాను. నీదే, అన్నాడు. ఆ చలికాలమంతా పుచ్చు గింజలు ఏరి పై వరసలో మంచివి పెట్టి ఇచ్చాను. తెలుసు ఆయనకి. బస్సులో అందరికీ చూపించి, మా మరదలు పెట్టిన కట్నం చూడండి అనేవాడు. అయినా సందులో ఆపేవాడు.

ఇవన్నీ రాయొచ్చు కదా, ఫారంలో. రాయలేకపోవడానికి కారణం ఇంకొకటుంది, అది చెప్పుకోవడానికే సిగ్గు.

కాలేజీకి వెళ్లాక నాకు తెలివి వచ్చింది. కొట్టుకి మనుషులు రావడం మానేశారు, అమ్మ మఖ్మల్ తీసుకుని వెళ్లింది, మనుషులు మళ్లీ వచ్చారు. దీన్ని వ్యాపారం అనకపోతే ఏమంటారు? ఆ రోజునుంచి ఆ కథని నేను అలాగే చెప్పాను. పెళ్లయి ఈ దేశంలోనే నాలుగు ఊళ్లు తిరిగి, ట్రాయ్‌లో, ఎడిసన్‌లో, ఎక్కడ నలుగురు తెలుగువాళ్లం విందుకి కూర్చున్నా ఎవరో ఒకరు అడుగుతారు, ఆ ముసలావిడ కథ చెప్పండని. మా అమ్మ మూడు గజాల మఖ్మల్‌తో ఒక గోత్రం కొన్నదండీ, అందులో గజం కొసరు కూడా తెచ్చుకుంది, అనేదాన్ని. ఎప్పుడు చెప్పినా నవ్వేవాళ్లు. ముప్పై ఏళ్లు చెప్పాను. అలా చెప్పినదాన్ని కుటుంబం అన్న మాట మీద వేలు ఎలా నొక్కను? స్నేహితులు అంటే ఆవిడ ఇచ్చిన వరస కాదన్నట్టు. ఇతరులు అని నొక్కి చూశాను. వెంటనే తీసేశాను.

ఇంకో అయోమయం పేరు. మా కొట్లో ఆ ఆడవాళ్లు పోయినవాళ్ల పేరు ఎత్తేవాళ్లు కాదు. ఎత్తితే ఆ మనిషిని వెనక్కి పిలిచినట్టట. ఇప్పుడేమో ఇంటివాళ్లే పెద్ద అక్షరాల్లో పేరు వేయించారు, వాళ్లలో సగంమంది చర్చికి వెళ్తారు. పేరు రాయాలా, రాయకూడదా? సోమవారం పేరుతో రాశాను. మంగళవారం పేరు కొట్టేశాను. బుధవారం మొత్తం కొట్టేశాను.

బుధవారం మధ్యాహ్నం నా స్నేహితురాలు ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావు?”

“నోవైలోనే.”

“ఇంకా నోవైలోనేనా? శనివారం ఖననం. గొర్రె కొయ్యాలి, బంగాళాదుంపలు చెక్కాలి, చేతులు చాలక చస్తున్నాం. చిన్నమ్మకి వీల్‌చెయిర్ కావాలా?” వాళ్ల భాషలో పిన్నిని చిన్న అమ్మ అనే అంటారు. మా అమ్మని అది చిన్నప్పటినుంచీ అలాగే పిలుస్తుంది.

“ఫారం నింపుతున్నాను. ఏమవుతానో రాయమంటేనూ…”

“ఆ ఫారం ఊళ్లోవాళ్లకి. నీకెందుకు? పేపర్లో కూతుళ్ల వరసలో మీ అమ్మ పేరుంది, చూడలేదా? మా అమ్మమ్మే చెప్పి రాయించింది, పోయినేడే.”

“కిందికి చదవాలంటే డబ్బు కట్టాలి.”

“నువ్వు నిజంగానే మారలేదు,” అని పెట్టేసింది.

అమ్మ గదిలోకి వెళ్లాను. పక్కబట్టలు తీసేసి, ఉత్త చాప మీద కూర్చుని ఉంది. దేవుడి దగ్గర దీపం లేదు. చూస్తే ఆదివారం నాటి పువ్వులు ఎండిపోయి ఉన్నాయి. ఆదివారం నేను కబురు చెప్పగానే అమ్మ తలస్నానం చేసింది. ఈ చలిలో ఆ నీళ్లేమిటని నేను కేకలేశాను, అంతకుమించి ఆలోచించలేదు.

“ఏం చేస్తున్నావమ్మా?”

“మైల పట్టాను. పెళ్లయిన కూతురికి మూడు రోజులు. ఇవాళ్టితో అయింది. వాళ్లకి నాలుగంట, అక్కడికి వెళ్లాక మళ్లీ అదీ పడతాను.”

“అది వ్యాపారం కోసం కాదా అమ్మా? మఖ్మల్ తీసుకెళ్లింది?”

“నేను వెళ్లింది వ్యాపారం కోసమే,” అంది అమ్మ, ఏమాత్రం తడబడకుండా. “కొట్టు మూతపడుతుంటే వెళ్లక ఏం చెయ్యను? ఆవిడది వ్యాపారమా? వ్యాపారమైతే మీ నాన్న బతికినన్నాళ్లూ ఆయనకి మొహం చాటేస్తుందా? ఆయన పోయినరోజు కూడా బయట ఎండలో నిలబడి, పెట్టె మూత వేశాకే లోపలికొచ్చింది. నువ్వేమో ఆలస్యంగా వచ్చిందని సణిగావు.”

సణిగాను. గుర్తుంది.

“మరి నాకు ఎన్ని రోజులు?”

“మన లెక్కలో నీకేమీ లేదు. పెళ్లయి వేరే గోత్రానికి పోయావు.”

“వాళ్ల లెక్కలో?”

“వాళ్ల లెక్కలో నువ్వెక్కడికీ పోలేదు. నాలుగు.”

సున్నాకీ నాలుగుకీ మధ్య రెండు దగ్గర తెగ్గొట్టడం నాకు చేతనైన విద్య. ఎప్పట్నుంచి లెక్క, పోయిన రోజు నుంచా, పూడ్చిన రోజు నుంచా అన్న ప్రశ్న కూడా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రెండు టికెట్లు తీశాను, ఇంకో సైటులో ఎంతుందో చూడకుండా.

వెళ్లాం. దుంపలు చెక్కాను. వంటగదిలో ఒక పెద్దావిడ నన్నడిగింది, నువ్వెవరని. తల్లి క్లాన్ మొదట చెప్పాలి కదా, మాకిచ్చినదే చెప్పాను. అయితే నా పక్కన కూర్చో అని జరిగింది, అంతే, ఇంకేమీ అడగలేదు. నాలుగు రోజులూ పేరు ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తడం లేదు.

ఆవిడకి మేమేమవుతామో నాకు ఇప్పుడు తెలుసు. ఆవిడ కూతుళ్ల పేర్లు చెప్పి రాయించుకుంటున్న రోజున, బహుశా ఆ పూటే, నేను ఎవరింట్లోనో ప్లేటు పట్టుకుని ఆ మఖ్మల్ కథ చెబుతూ ఉండి ఉంటాను. ముప్పై ఏళ్లపాటు అంతమందిని నవ్వించాను. ఆ నవ్వులన్నీ ఇప్పుడు ఎవరికి తిరిగివ్వాలో మాత్రం తెలియడం లేదు.